ఏడు నిమిషాల ఆలస్యం

పోయిన నెల నయీంనగర్ల ఒక ఇంటాయన
టు-లెట్ బోర్డు రాయుమన్నడు.
మొదటి లైను: రెండు గదులు, నల్లా కనెక్షన్ కలదు.
రెండో లైను: ఆఫ్రికా స్టూడెంట్లకు ఇవ్వబడదు.
అడ్వాన్సు నూటయాభై చేతుల పెట్టిండు.

రాసిన.
నలభై ఏండ్లసంది నా చెయ్యి ఎవరేం చెప్తే అది రాస్తది.
"శాకాహారులకు మాత్రమే" అని రాసిన ఇండ్లల్ల
నాకే గది దొరకదు, తెలిసే రాసిన.
కాకపోతే ఆ రెండో లైన్ల వార్నిష్ కలపలే.
ఒక్క పెద్దవాన పడితే కారిపోవాలె అనుకున్న.
అంతే నా ధైర్యం.

ఆ రాత్రి సాల్మీన్ భాయ్ యాదికొచ్చిండు.

కాజీపేట స్టీమ్ షెడ్డు. నేనప్పుడు ఇంజన్లు తుడిచే పోరన్ని.
డ్యూటీ దిగంగ అందరం ఒక్క తీరే ఉండేటోళ్లం,
బెల్లంపల్లి బొగ్గు ఎవ్వల కులం అడగకుంట పూసుకునేది.
నల్లా కింద కూసుంటే
సబ్బు నురుగులకెల్లి ఒక్కొక్కల రంగు బయటికొచ్చేది,
రంగు ఎన్క ఇంటిపేరు,
ఇంటిపేరు ఎన్క ఎవరెక్కడ కూసోవాల్నో ఆ లెక్క.
సాల్మీన్ భాయ్ రుద్దుకుంటుంటె
టైం కీపర్ లక్ష్మణ్‌రావు అనేటోడు:
"హబ్షీ, ఇంకా పోలేదార బొగ్గు?"
అందరు నవ్వేటోళ్లు.
నేను గుడ నవ్విన.
క్యాంటీన్ల నా గ్లాసు వేరే ఉండె, కిటికీల బోర్లేసి.
ఒక్క ఆ నవ్వే నాకు
అందరితోని ఒకే గ్లాసుల దొరికింది.

వాళ్ల తాతను నిజాం గుర్రపు దళానికి
సముద్రం దాటించి తెచ్చిండ్రట.
ఏసీ గార్డ్స్‌ల పుట్టినోడు, పదమూడేండ్లు మా షెడ్డుల పార పట్టిండు.
తడిబొగ్గును పలుచగ, నాలుగు మూలలకు చల్లుడు
("పొగ కాదు బేటా, మంట కావాలె")
ఆయన దగ్గర నేర్చినోళ్లు డ్రైవర్లయ్యిండ్రు.
ఆయన మూడుసార్లు పరీక్ష పాసయితే
మూడుసార్లు ఫైలు సికింద్రాబాద్‌ల పండుకున్నది.
మా పెండ్లిళ్లకు ఆయన మర్ఫా కావాలె,
తెల్లారితే ఆయనడిగిన క్వార్టరు ఇంకొకలకు పోవాలె.

నాలుగోసారి ఆర్డరొచ్చింది.
డోర్నకల్ దాక గూడ్సు.
మా షెడ్డుల ఒక సిద్దీ మనిషి
రెగ్యులేటర్ మీద చెయ్యేసిన మొదటి రోజు.
సిగ్నల్ పడ్డది. ఇంజను బుసకొడుతున్నది.
ఎనక డబ్బాల గార్డు జెండా ఊపలే,
చేతి గడియారం చూసుకుంట నిలబడ్డడు.
సాల్మీన్ భాయ్ కూత వెయ్యలే. దిగలే. తిట్టలే.
మంట చూసుకున్నడు.

జెండా లేసినంక
వరంగల్, నెక్కొండ, కేసముద్రం.
మానుకోట వచ్చేసరికి ఆరు నిమిషాలు గుంజుకచ్చిండట.
ఆ ఒక్కటి మాత్రం దొరకలే.
బుక్కుల రాసిండు:
కాజీపేటల ఏడు నిమిషాలు ఆలస్యం.
కారణం అన్న గడి ఖాళీగ ఇడిసిపెట్టిండు.
ఆ బుక్కు ఆఫీసుకు మోసింది నేనే.
చెవి మీద పెన్సిలు గుడ ఉండె.

ఇప్పుడు షెడ్డు కాడ
పాత డ్రైవర్ల యాదికి బోర్డు పెడుతున్నరు.
ఫ్లెక్సీ అయితే ఎండకు ఎలిసిపోతదని నన్ను పిలిసిండ్రు.
టైపు కొట్టిన కాయితం, ముప్పయ్యొక్క పేర్లు.
రెండుసార్లు ఏలుపెట్టి చదివిన.
సార్‌ను అడిగితే "రికార్డుల లేడు" అన్నడు.

ముప్పయ్యొకటీ రాసిన, తప్పు లేకుండ.
లక్ష్మణ్‌రావు కొడుకు పేరు గుడ అండ్ల ఉన్నది.
ఆఖరుకు, కింద కుడిమూలకు,
"ఆర్టిస్ట్ ఓదెలు" అని నేను పెట్టుకునే జాగల
బ్రష్షు కొస సన్నం చేసి రాసిన:
సాల్మీన్ బిన్ ముబారక్.
ఈసారి వార్నిష్ దండిగ కలిపిన.

"ఇదెవరి పేరు, ఓదెలు?"
సార్ దగ్గరికొచ్చి ఏలు సాపిండు.

పచ్చిగున్నది సార్, ముట్టకుండ్రి.
గా స్టూలు మీద కూసోండ్రి, చెప్త.
ఏడు నిమిషాలు పడ్తది.